పండక్కి కౌజు పిట్టలు వదిలి అల్లుడితో వేటాడించొచ్చా? లంక నుంచి వచ్చిన ఉత్తరానికి జవాబు

ప్రశ్న: మాది కోనసీమలో గోదావరి పక్క ఊరు. కొబ్బరి తోట, కొంచెం వరి చేను, ఏట్లో కాస్త లంక భూమి ఉన్నాయి. మా పెద్దల్లుడు అమెరికాలో సౌత్ డకోటాలో ఉంటాడు, అక్కడ ఏటా లైసెన్సు తీసుకుని ఫెజెంట్ అనే పక్షుల్ని వేటాడి ఫోటోలు పంపిస్తుంటాడు. సంక్రాంతికి వస్తున్నాడు. "మావయ్యగారూ, మన లంకలో కౌజులుంటాయి కదా, పర్మిట్ ఎక్కడిస్తారో కనుక్కోండి" అంటున్నాడు. నా చిన్నప్పుడు లంకలో కాలు పెడితే కౌజులు లేచేవి, ఇప్పుడు కూత వినపడ్డమే తక్కువ. అందుకని ఫారంలో ఓ రెండొందల కౌజు పిట్టలు కొని ఇప్పుడే లంకలో వదిలేస్తే పండగ నాటికి పెరుగుతాయి, అల్లుడి ముచ్చటా తీరుతుంది, పిట్టలూ మళ్ళీ వృద్ధవుతాయి అనుకుంటున్నాను. అక్కడ అంత వేటాడినా పిట్టలు తగ్గట్లేదట, మరి ఇక్కడ లైసెన్సు వేట లేకుండానే ఎందుకు తగ్గిపోయాయి? సలహా చెప్పగలరు.

సమాధానం:

బాబాయిగారూ నమస్కారమండి. ముందు పండగ సంగతి తేల్చేస్తాను ఎందుకంటే టైం లేదు కాబట్టి. పర్మిట్ ఎక్కడా ఇవ్వరండి, అది లేదు. ఫారం పిట్టలు లంకలో వదలొద్దు, డబ్బులు పోతాయి, పిట్టలూ పోతాయి. ఇక మీ ఉత్తరంలో ఆఖరి మాట, అక్కడ వేటాడినా ఎందుకున్నాయి, ఇక్కడ ఎందుకు పోయాయి అన్నారు చూడండి, అసలు ప్రశ్న అదేనండి, దానికే నేను ఎక్కువ చెప్పాలనుకుంటున్నాను.

చట్టం ముందు చెప్తా. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది, అప్పట్లో లైసెన్సు మీద వేట ఉండేదండి, చిన్న జంతువులకి స్మాల్ గేమ్ అని, పెద్దవాటికి బిగ్ గేమ్ అని రకాలు కూడా ఉండేవి, మీ వయసువాళ్ళకి ఎవరో ఒక దొరగారో మునసబుగారో తుపాకీ పట్టుకుని లంకలకి వెళ్ళడం గుర్తుండే ఉంటుంది. 1991లో చట్టాన్ని సవరించి ఆ లైసెన్సుల దారి మూసేశారు. తర్వాత 2022లో ఇంకో సవరణ చేశారు, అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, షెడ్యూళ్ళు, అంటే ఏ జంతువుకి ఎంత రక్షణో చెప్పే జాబితాలు, తగ్గించారు కానీ జరిమానాలు పెంచారు. ఇప్పుడు మామూలుగా పడే శిక్ష 3 ఏళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నెమలి లాంటి మొదటి షెడ్యూల్ వాటినైతే 3 ఏళ్ళకి తక్కువ లేకుండా 7 ఏళ్ళ దాకా, జరిమానా కనీసం 25 వేలు. వాడిన బండి, తుపాకీ, వల అన్నీ సీజ్ చేస్తారు. మీ అల్లుడుగారు రెండు వారాల సెలవు మీద వస్తారు, కేసు పెడితే వాయిదాలకి ఎవరు తిరుగుతారో ఒకసారి ఆలోచించండి.

ఇంకోటి, మనవాళ్ళు చాలామంది పొరపడేది ఇక్కడే. వేట అంటే కాల్చి చంపడం ఒక్కటే కాదండి. వల వేసి పట్టినా, ఉచ్చు పెట్టినా, ఎర పెట్టినా, తరిమినా వేట కిందికే వస్తుంది, గుడ్లు తీసినా గూడు చెదరగొట్టినా కూడా. ఎయిర్‌గన్నుకి లైసెన్సు అక్కర్లేదు కాబట్టి దాంతో కొడితే పర్లేదు అనుకుంటారు, అది తప్పు, తుపాకీ లైసెన్సు వేరు పిట్టని కొట్టడం వేరు, ఉండేలుతో కొట్టినా అదే సెక్షన్. సొంత భూమిలో కదా అన్నా చెల్లదు, లంక మీదే కావచ్చు పిట్ట మీది కాదు. పంట పాడుచేసే జంతువుల విషయంలో రాష్ట్రంలో ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి రాతపూర్వకంగా అనుమతి ఇచ్చే వీలు చట్టంలో ఉంది కానీ కౌజు మీద ఆ కాగితం అడగడానికి మనకి మొహం ఉండదండి, అది చెదలు ఏరుకు తినే పిట్ట, కొత్తగా వేసిన కొబ్బరి మొక్కల మొదళ్ళలో చెదలు పడితే ఎంత బాధో మీకు నేను చెప్పక్కర్లేదు.

సరే, ఫారం పిట్టల ఆలోచన. మీరు మనసులో పెట్టుకున్న రెండు పిట్టలూ ఒకటి కాదండి. మీ చిన్నప్పుడు లంకలో లేచినది బూడిదరంగు కౌజు, కొందరు కముజు అంటారు, తెల్లారగట్ల రెల్లు దుబ్బుల్లోంచి ఆగకుండా గట్టిగా అరుస్తుంది, ఎగరడం కన్నా పరిగెత్తడమే దానికి ఇష్టం. ఫారంలో అమ్మేది జపాన్ జాతి పూరేడు, బేరంలో దాన్నీ కౌజనే అంటారు. 1970ల్లో ఉత్తరప్రదేశ్‌లో ఇజ్జత్‌నగర్‌లోని కేంద్ర పక్షి పరిశోధన సంస్థ ద్వారా మన దేశానికి వచ్చింది, గుడ్డు 17, 18 రోజుల్లో పిల్లవుతుంది, ఐదారు వారాలకి కోతకి వస్తుంది, అందుకే వ్యాపారానికి అంత బాగుంటుంది. కానీ తరతరాలుగా మిషన్లో పొదిగించి పొదిగించి ఆ జాతికి పొదిగే గుణమే దాదాపు పోయిందండి. గుడ్డు ఎక్కడ పడితే అక్కడ పెట్టేస్తుంది, దాని మీద కూర్చోదు. ఇక రెండొందలు వదిలితే వృద్ధి ఎక్కడినుంచి వస్తుంది? పైగా పుట్టినప్పట్నుంచి పళ్ళెంలో దాణా తిన్న పిట్టకి పురుగు వెతుక్కోవడం తెలీదు, పైన గద్ద నీడ పడితే దుబ్బులోకి దూరాలని తెలీదు. లంకలో ముంగిసలు, నక్కలు, ఊరకుక్కలు, పిల్లులు ఉన్నాయి కదా, మొదటి వారంలోనే చాలావరకు వాటికి మేతైపోతాయి.

పోనీ ఒకటో రెండో బతికాయే అనుకోండి, అది ఇంకా ప్రమాదం. శీతాకాలం మన మినుము చేలల్లో దొరికే పూరేడు, ఈ జపాన్ పూరేడు దగ్గరి చుట్టాలు, రెండూ కలిసి పిల్లల్ని పెడతాయి, యూరప్‌లో ఇలా ఫారం పిట్టల్ని వదిలిన చోట్ల అడవి జాతిలో ఈ రక్తం కలిసిపోయి అక్కడివాళ్ళు తలపట్టుకున్నారు. ఫారంలో ఉన్న జబ్బులు బయటి పిట్టలకి అంటడం సంగతి సరేసరి.

వదిలి వెంటనే వేటాడితే, అంటే అమెరికాలో ప్రైవేటు వేట మైదానాల్లో చేస్తారు కదా అలాగ, అన్న ఆలోచన కూడా మీ అల్లుడుగారికి వచ్చి ఉంటుంది. దుబ్బులోంచి ఝామ్మని లేచిన పిట్ట ఫారందో అడవిదో అర సెకనులో ఎవరు చెప్తారండి? కిందపడ్డది అడవి పూరేడైతే మీరు దొరికిపోయినట్టే, ఎందుకంటే వన్యప్రాణి మాంసం మీ దగ్గరుంటే అది అక్రమం కాదని నిరూపించుకోవాల్సిన బాధ్యత మీదే అని చట్టంలో రాసుంది. ఇక నలుగురు చుట్టాల్ని పిలిచి ఎవరెన్ని కొడతారో చూద్దాం అని పోటీ పెట్టారనుకోండి, పంజరంలోంచి జీవాల్ని వదిలి కాల్చే పోటీలు పెట్టడం, వాటిలో పాల్గొనడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం విడిగా ఇంకో నేరం.

ఇప్పుడు సౌత్ డకోటా సంగతికొద్దాం. మీ అల్లుడుగారు చెప్పింది అబద్ధం కాదు, అక్కడ వేట జరుగుతుంది, పిట్టలూ ఉన్నాయి. కానీ ఎందుకున్నాయో ఆయన పూర్తిగా చెప్పలేదు.

ఆ ఫెజెంట్ అసలు అమెరికా పక్షే కాదండి. చైనా పక్షి. ఓవెన్ డెన్నీ అని షాంఘైలో అమెరికా కాన్సుల్‌గా చేసినాయన 1880ల మొదట్లో ఓడ మీద ఒరెగాన్ రాష్ట్రానికి పంపించాడు, మొదటి విడత చాలావరకు దారిలోనే పోయాయి, 1882లో పంపినవి నిలబడ్డాయి. అవి అడవిలో పట్టిన పిట్టలు, వాటికి బతకడం తెలుసు, అక్కడ గింజ పొలాలు, వాటి పక్కన గడ్డి బీళ్ళు బోలెడు. పదేళ్ళు ముట్టుకోకుండా వదిలేసి అప్పుడు 1892లో వేట సీజన్ తెరిచారు. సౌత్ డకోటాలో అయితే మొదటి సీజన్ 1919లో, అది కూడా ఒకే ఒక్క కౌంటీలో, అంటే మన జిల్లా లాంటిదాంట్లో, ఒక్క రోజు. ఇప్పుడు అక్టోబర్ మూడో శనివారం మొదలవుతుంది, జనవరి 31 దాకా ఉంటుంది, పొద్దున్న 10 గంటల ముందు కాల్చకూడదు, పొద్దుగూకాక కాల్చకూడదు, మనిషికి రోజుకి 3 పిట్టలు, అవి కూడా పుంజులే, ఎన్ని రోజులు వేటాడినా చేతిలో మొత్తం 15కి మించకూడదు. పెట్టని కొడితే కేసు. ఇంటికి తీసుకెళ్ళేటప్పుడు పుంజే అని తెలిసేలాగ తలో కాలో రెక్కో ఏదో ఒకటి ఉంచాలి, దారిలో ఆఫీసర్ ఆపి చూస్తాడు.

పుంజుల్నే ఎందుకంటే ఫెజెంట్ జాతిలో ఒక పుంజు చాలా పెట్టలతో ఉంటుంది, పుంజు ఎర్రగా బంగారం రంగులో మెడకి తెల్ల పట్టీతో మెరిసిపోతుంటుంది, పెట్ట ఎండుగడ్డి రంగులో ఉంటుంది, ఎంత దూరం నుంచైనా తేడా తెలుస్తుంది. పుంజులు కొన్ని పోయినా మిగిలినవాటితో పెట్టలన్నీ గుడ్లు పెడతాయి, మరుసటేడు లెక్క పెద్దగా తగ్గదు. మన కౌజులో ఇదేదీ పనికిరాదండి. కౌజులు జంట కడతాయి, పిల్లల్ని ఇద్దరూ తిప్పుతారు, ఆడా మగా చూడ్డానికి ఒకేలా ఉంటాయి, మగదానికి కాలికి ముల్లుంటుంది అంతే, అది చేతిలోకి తీసుకుంటే తప్ప తెలీదు. దుబ్బులోంచి లేచిన ఒక్క కౌజుని కొడితే ఒక జంట చెదిరినట్టు, ఆ ఏడు ఆ జంట పిల్లలు లేనట్టు. కాబట్టి రేపెప్పుడో ప్రభుత్వం మనసు మార్చుకుని సౌత్ డకోటా రూల్సు తెచ్చి కోనసీమలో పెట్టినా అవి ఇక్కడ పిట్టని కాపాడలేవు. ఈ మాట మీ అల్లుడుగారికి చెప్పండి, వేట తెలిసిన మనిషి కాబట్టి వెంటనే అర్థం చేసుకుంటారు.

మరి అక్కడ పిట్టలు ఎందుకున్నాయి అంటే గడ్డి వల్లండి. లైసెన్సు వల్ల కాదు. రూల్సు ఉన్నది ఉన్న పిట్టల్ని పంచుకోవడానికి, పిట్టల్ని పుట్టించేది గడ్డి. 1945లో సౌత్ డకోటాలో 1.6 కోట్ల ఫెజెంట్లు ఉండేవని వాళ్ళ లెక్క, అప్పుడు యుద్ధం, మగాళ్ళు ఊళ్ళో లేరు, బీళ్ళు దున్నకుండా పిచ్చిగడ్డి పెరిగిపోయింది, పిట్టలు పండగ చేసుకున్నాయి. తర్వాత భూమంతా దున్నేశాక పడిపోయాయి. 1985లో అమెరికా ప్రభుత్వం ఒక పథకం పెట్టింది, కొట్టుకుపోయే నేలల్ని రైతు పదేళ్ళు పదిహేనేళ్ళు దున్నకుండా గడ్డి పెంచితే ఎకరాకింతని కౌలు డబ్బులు ఇస్తుంది, ఆ గడ్డి పెరిగాక మళ్ళీ పిట్టలు పెరిగాయి. మొక్కజొన్న ధర పెరిగి రైతులు ఆ గడ్డిని దున్నేసిన ఏళ్ళలో మళ్ళీ తగ్గాయి. వేట రూల్సు ఇంచుమించు అవే, గడ్డి మారితే పిట్టల లెక్క మారింది. ఇంకా, అక్కడ తుపాకులు తూటాల మీద 1937 నుంచి ప్రత్యేకంగా పన్ను వేసి ఆ డబ్బు వన్యప్రాణుల పనులకే రాష్ట్రాలకి ఇస్తారు, అంటే వేటగాడు కొన్న ప్రతి తూటాలో కొంత పిట్ట బాగుకి పోతుంది. మన దగ్గర అలాంటి ఏర్పాటు ఏదీ లేదు కదా.

అక్కడ కూడా ఫారం ఫెజెంట్లని వదిలి చూశారండి, దశాబ్దాలుగా చూశారు, వదిలినవాటిలో చాలాభాగం కొద్ది వారాల్లోనే పోతాయని తేల్చుకున్నారు. ఇంగ్లండులో ఏటా కోట్ల సంఖ్యలో ఫారం ఫెజెంట్లని వేట కోసం వదులుతారు, అయినా మళ్ళీ ఏడాదికి మళ్ళీ వదలాల్సిందే, వాటంతట అవి నిలబడవు.

పిట్ట బతుకు ఎక్కడ తెగుతుందో చూడండి. ఫెజెంటైనా కౌజైనా పూరేడైనా నేల మీద గూడు పెట్టే పక్షి. కౌజు చిన్న గుంట చేసి నాలుగు గడ్డిపరకలు వేసి ఆరేడు గుడ్లు పెడుతుంది, 18, 19 రోజులు పొదుగుతుంది. అన్ని రోజులూ ఆ దుబ్బు అక్కడ ఉండాలి. కాల్చకూడదు, కొయ్యకూడదు, మునగకూడదు. పిల్లలు గుడ్డులోంచి వచ్చిన రోజే నడుస్తాయి, కానీ మొదటి వారాల్లో గింజ తిని బతకలేవు, పురుగే కావాలి, చీమ, చెద, మిడత, గొంగళి ఏదైనా. గడ్డి ఉండి పురుగు లేకపోయినా చస్తాయి, పురుగు ఉండి దాక్కునే చోటు లేకపోయినా చస్తాయి. పెద్దవై ఏడాది దాటేవి తక్కువే ఈ జాతులన్నిట్లో, అందుకే ఏటా పిల్లలు దక్కాలి, రెండేళ్ళు వరసగా దక్కకపోతే మూడో ఏడు ఆ లంక ఖాళీ.

ఇప్పుడు మన డెల్టాలో ఆ ఇరవై రోజులు ప్రశాంతంగా ఉండే చోటు ఎక్కడుందో మీరే చెప్పండి. కౌజు ఎక్కువగా ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ లోపు గుడ్లు పెడుతుంది. ఏప్రిల్‌లో దాళ్వా కోసి మోళ్ళు తగలబెడతాం, ఆ మంట గట్టెక్కి గట్టు మీద గడ్డి కూడా పోతుంది. జూన్ జూలైల్లో సార్వాకి గట్లు చెక్కుతాం, చెక్కే మనుషులు దొరక్క ఇప్పుడు గడ్డిమందు కొడుతున్నారు. జూలై ఆగస్టుల్లో వరద, 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు లంకలు ఎలా మునిగాయో చూశారు కదా, అలాంటి ఏడు లంకలో గూడనేది మిగలదు. వరద ఎప్పుడూ ఉన్నదే, పూర్వం లంక మునిగితే ఏటిగట్టు మీద, దిబ్బల మీద, తోటల్లో తుప్పల్లో తలదాచుకునేవి, నీరు తీశాక మళ్ళీ దిగేవి. ఇప్పుడు దిబ్బ తవ్వేశారు, పక్క చేను రొయ్యల చెరువైంది, చెరువు గట్టు మీద గడ్డిపరక ఉండనివ్వరు, పైన పిట్టలు వాలకుండా తీగలు కట్టారు. కొబ్బరి తోటలు కూడా అడుగంతా శుభ్రంగా చెక్కి అద్దంలా పెడుతున్నారు, చూడ్డానికి బాగుంటుంది, కౌజుకి అక్కడ పనేం లేదు.

దాంతోపాటు గుళికలు. వరిలో పురుగుకి వేసే గుళిక మందు పిట్టకి గింజలాగో ఇసుకరేణువులాగో కనపడుతుంది, ఏరుకు తింటుంది. కార్బోఫ్యూరాన్ గుళిక ఒక్కటి చాలు చిన్న పిట్ట చావడానికి, అందుకే అమెరికాలో ఆ గుళికల్ని 1990ల్లోనే దాదాపు ఆపేశారు. మన దేశంలో ఫోరేట్ అనే ఇంకో గుళిక మందు వాడకం 2020 ఆఖరుతో నిషేధించారు, అయినా పాత డబ్బాలు గొడ్ల సావిళ్ళలో చూస్తూనే ఉన్నాం. దయచేసి మీ సావిట్లో ఉంటే చేలోకి తీసుకెళ్ళకండి.

ఇవన్నీ అయ్యాక మిగిలిన నాలుగు పిట్టల్ని వలవాళ్ళు పట్టేస్తున్నారు. పంజరంలో పెంపుడు కౌజుని పెట్టి కూయించి చుట్టూ ఉచ్చులు పెట్టడం పాత పద్ధతి, ఇప్పుడు ఫోన్‌లో కూత రికార్డు పెట్టి స్పీకర్ తగిలించి రాత్రిళ్ళు వల పరుస్తున్నారు. లైసెన్సు వేట లేకపోయినా అంటారు మీరు, లైసెన్సు లేని వేట మాత్రం ఎప్పుడూ ఆగలేదండి. సౌత్ డకోటాలో రోజుకి మూడు అన్న లెక్కుంది, వలకి లెక్క లేదు, పెట్టా పుంజూ తేడా లేదు, సీజన్ లేదు, పొదిగే తల్లిని కూడా లాగేస్తుంది.

మీ చేతిలో ఏముందో చెప్తాను. లంక భూమి ఎంతో రాయలేదు, ఎంతైనా పర్లేదు, అందులో సాగుకి అంతగా పనికిరాని అంచు ఒకటి ఉంటుంది కదా, రెల్లు పెరిగే ఇసుక పర్ర, అది వదిలేయండి. పూర్తిగా వదిలేయండి, కాల్చొద్దు, పశువుల్ని తోలొద్దు, రెల్లు పాక కప్పడానికి కావాలంటే గుడ్ల కాలం అయిపోయాక అక్టోబర్ తర్వాత కోయించి అప్పుడు కూడా మూడో వంతు ఉంచండి. వరద వచ్చినప్పుడు ఎక్కడానికి లంకలో ఎత్తైన చోట ఒక దిబ్బ తుప్పలతో ఉంటే చాలా మేలు, రేగు, ఈత, తుమ్మ ఏదున్నా సరే ముళ్ళుండాలి, కౌజు రాత్రిళ్ళు ముళ్ళ చెట్టెక్కే పడుకుంటుంది.

వరి చేనుకి గట్లన్నీ ఒకే ఏడు చెక్కించకండి, ఈ ఏడు ఒక వైపు గట్టు వచ్చే ఏడు ఇంకో వైపు గట్టు. గట్టు మీద గ్లైఫోసేట్ గడ్డిమందు కొట్టొద్దు, అసలు 2022 అక్టోబర్ నుంచి దాన్ని రైతు సొంతంగా కొట్టకూడదని కేంద్రం ఆంక్ష పెట్టింది కూడా. ఎలకలు బొరియలు పెడతాయని మీరంటారు, నిజమే, గండి పడే చోట చెక్కుకోండి, పిల్లబోదె గట్టు వదిలేయండి, కావాలంటే అక్కడ కందులు వేయండి, కంది నీడలో గడ్డి అంత ఎత్తు పెరగదు పిట్టకి సరిపోతుంది, కందులు మీకొస్తాయి. కోత మిషన్ వచ్చినప్పుడు డ్రైవర్‌కి ఒక మాట చెప్పండి, చుట్టూ అంచు నుంచి మొదలెట్టి లోపలికి కోసుకుంటూ వెళ్తే పిట్టలన్నీ మధ్యలోకి చేరి ఆఖరి చుట్టులో బ్లేడు కిందపడతాయి, అదే మధ్యలో మొదలెట్టి బయటికి కోస్తే గట్టు వైపు పరిగెడతాయి. అమెరికాలో గడ్డి కోసే రైతులకి ఫెజెంట్ల కోసం ఇదే చెప్తారు. డీజిల్ కాస్త ఎక్కువవుద్దని వాడంటాడు, ఇచ్చేయండి, ఫారం పిట్టలకి పెట్టబోయిన డబ్బులో ఇది ఎంతని.

మోళ్ళు తగలబెట్టకుండా సార్వా అయ్యాక మినుము చల్లే పద్ధతి మీ వైపు ఉంటే అది వదలొద్దు, శీతాకాలం పూరేళ్ళకి అంత మంచి చోటు ఇంకోటి లేదు.

మొదటి ఏడే ఏదో జరిగిపోతుందని చెప్పను. పక్క లంకలో ఎక్కడో రెండు జంటలుంటే, వాటికి మీ దగ్గర గడ్డి కనపడితే అవే వస్తాయి, అవి రావాలంటే మధ్యలో దారి కూడా ఉండాలి, అంటే మీ పక్క రైతు గట్టు కూడా పచ్చగా ఉండాలి. అందుకని ఒక్కరే చెయ్యకండి, మీ మాట వినే ఇద్దరు ముగ్గురికి చెప్పండి. మీ వయసుకి ఊళ్ళో మాట చెల్లుతుంది కదండీ.

ఇక పండక్కొచ్చే అల్లుడుగారు. వేట తెలిసినవాళ్ళు పిట్టల్ని చూడ్డంలో మనకన్నా ముందుంటారు, ఏ దుబ్బులో ఉంటుంది, గాలి ఎటుంది, ఎటు లేస్తుంది అన్నీ వాళ్ళకి తెలుసు. సౌత్ డకోటాలో చాలా ఏళ్ళు వేసవి ఆఖర్లో రాత్రి మంచు బిందువులతో తడిసిన గడ్డి పక్కన రోడ్ల మీద తెల్లారగట్ల కారులో మెల్లగా తిరుగుతూ ఎన్ని పిల్లల గుంపులు బయటికొచ్చాయో లెక్కపెట్టేవారు, ఆయనకి తెలిసే ఉంటుంది. అదే పని మన లంకలో చేయించండి. భోగి ముందు రోజుల్లో మంచు బాగా పడుతుంది, తెల్లారేసరికి ఏటిగట్టు మీద నుంచోండి, ఏ వైపు నుంచి ఎన్ని కూతలు వస్తున్నాయో ఇద్దరూ విడివిడిగా రాసుకోండి, ఆ కాగితం దాచండి, మీరు గడ్డి వదిలాక మూడేళ్ళకి మళ్ళీ చూసుకోవచ్చు. ఆయనకి ఇంకా సరదాగా ఉంటే జనవరిలో ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ జరుగుతుంది, 1987 నుంచి జరుగుతోంది, కోరింగ మడ అడవుల వైపు, కొల్లేరు వైపు నీటి పక్షుల్ని లెక్కపెడతారు, వాలంటీర్లని తీసుకుంటారు, కాకినాడలో అటవీ శాఖ ఆఫీసులో అడిగితే తేదీలు చెప్తారు. ఫెజెంట్ల వేటగాడికి ఒక్క ఉదయంలో అన్ని రకాల బాతులు చూపిస్తే చాలు, పరజలు ఒక్కటే చాలు నన్నడిగితే.

అల్లుడికి పిట్ట వేపుడు పెట్టాలన్న మీ కోరిక కూడా న్యాయమైనదే, మన గోదావరి వాళ్ళకి అల్లుడి విస్తరి సంగతి వేరే చెప్పాలా. ఫారం పిట్ట కొని వండించండి, అది పెంపుడు పక్షే కాబట్టి తప్పేం లేదు. కొనేటప్పుడు ఫారానికే వెళ్ళండి. పండగ ముందు రోడ్డు పక్కన వల సంచుల్లో అమ్మేవి కొనకండి, అవి ఫారంవి కావు, చేతిలోకి తీసుకుంటే తెలిసిపోతుంది, ఫారం పిట్ట 200 గ్రాముల దగ్గర బొద్దుగా ఉంటుంది, చేలో పట్టిన పూరేడు అందులో సగం, ఎగరడానికి కొట్టుకుని కొట్టుకుని తల మీద ఈకలు ఊడిపోయి ఉంటాయి. అమ్మేవాడికెంత నేరమో కొన్నవాడికీ అంతే. ఒకటుందండి, అయ్యో పాపం అని డబ్బులిచ్చి కొని వదిలేద్దాం అని కొందరు అనుకుంటారు, అలా కొంటే రేపు ఇంకో సంచి పట్టుకొస్తాడు, కొనకుండా ఫోటో తీసి అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకి గానీ 112కి గానీ చెప్పండి.

మీ ఊళ్ళో వల వేసేవాళ్ళెవరో మీకు తెలిసే ఉంటుంది, చిన్న ఊరు కదా. పోలీసు దాకా వెళ్ళే ముందు మీరే ఒకసారి పిలిచి మాట్లాడండి. చాలామంది కూలి లేని రోజుల్లో చేస్తున్నారు, పట్టింది వంద రూపాయలకి ఇచ్చేస్తారు. ఆ లంక అంచు కాపలాకి, కొబ్బరి మొక్కలకి నీళ్ళు పెట్టడానికి ఆ మనిషినే పెట్టుకోండి, ఏ దుబ్బులో ఏ పిట్ట గుడ్లు పెట్టిందో ఊళ్ళో అతనికి తెలిసినంత ఎవరికీ తెలీదు. ఒప్పుకోకపోతే అప్పుడు రేంజ్ ఆఫీసుకి చెప్పండి. రెల్లు కోత ఈ నెలలోనే మొదలవుతుంది కాబట్టి కూలీలకి మూడో వంతు వదలమన్న మాట మాత్రం ఇవాళే చెప్పేయండి.